ఇంగ్లండు ఊరి చరిత్ర – ఏడో భాగం: మెల్‌ఫర్డ్ గోడ మీది పేర్లు

లండన్‌కు ఈశాన్యంగా, సఫోక్ కౌంటీ దక్షిణపు అంచున లాంగ్ మెల్‌ఫర్డ్ అనే ఊరుంది. పేరుకు తగ్గట్టే పొడవాటి ఊరు. ఒకటే పెద్దవీధి, ఆ వీధి ఉత్తరపు కొసన విశాలమైన పచ్చికబయలు, బయలుకు ఎగువన హోలీ ట్రినిటీ చర్చి. నేటికీ కొన్ని వేల జనాభా దాటని ఈ ఊళ్లో, జనం కూర్చునే మధ్యశాల పొడవే 150 అడుగులకు పైనున్న చర్చి ఎందుకు లేచింది? చాలామట్టుకు 15వ శతాబ్దం చివరి 30, 40 ఏళ్లలో కట్టిన ఈ చర్చి తన కథను తానే చెప్పుకుంటుంది. గోడల పైభాగాన, పిట్టగోడల కిందుగా, సున్నపురాతిలో అక్షరాల ఆకారాలు తొలిచి, వాటి చుట్టూ నల్లటి చెకుముకి రాళ్లు పొదిగి రాసిన వాక్యాలు ఇప్పటికీ చదవవచ్చు. రోజర్ మోరియెల్ ఆత్మ కోసం, అతని భార్యలు మార్గరెట్, కాథరిన్‌ల ఆత్మల కోసం ప్రార్థించండి, అతని సొమ్ముతో ఈ తోరణాలను కాథరిన్, జాన్ క్లాప్టన్, మరి ఇద్దరు కలిసి 1481లో కొత్తగా కట్టించారు అంటుంది ఒక వాక్యం. తూర్పు కొసన ప్రత్యేకంగా నిలిచిన మరియమాత మందిరం మీది వాక్యం 1496 నాటిది. జాన్ క్లాప్టన్ కోసం, అతని తల్లిదండ్రుల తరం కోసం, పిల్లల కోసం, అతను ఎవరెవరి కోసం ప్రార్థించవలసిన బాధ్యతలో ఉన్నాడో వాళ్లందరి కోసం అది ప్రార్థన అడుగుతుంది. ఆ వరుసలోనే క్లాప్టన్ ఇంట్లో బట్లర్‌గా పనిచేసిన రిచర్డ్ లవ్‌డే పేరు కూడా ఉంది. యజమాని, సేవకుడు ఒకే గోడ మీద ఒకే కోరికతో నిలిచారు.

ఇలాంటి చర్చిలను చరిత్ర పుస్తకాలు ‘ఉన్ని చర్చిలు’ అంటాయి. గొర్రెల ఉన్ని, దానితో నేసిన దళసరి బట్ట తెచ్చిన లాభాలతో కట్టినవి కాబట్టి ఆ పేరు. అది అబద్ధం కాదు. కానీ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పినంత మాత్రాన, ఆ డబ్బు చర్చి గోడల్లోకే ఎందుకు చేరిందో తేలదు. లాభాలతో భూములు కొనవచ్చు, ఇళ్లు కట్టవచ్చు, అప్పులివ్వవచ్చు. ఆ కాలపు వర్తకులు అవన్నీ చేశారు కూడా. అయినా ఏటా అందులో పెద్ద వాటా ఊరి చర్చికి ఎందుకు వెళ్లింది? నా వాదన ఇది: మధ్యయుగాంతంలో ఇంగ్లండు ఊరి చర్చిని ఈ స్థాయికి ఎత్తినది, చనిపోయినవాళ్లకు బతికున్నవాళ్లు తీర్చవలసిన బాకీ ఒకటుందన్న నమ్మకం. ఉన్ని ఆ బాకీ తీర్చడానికి చేతికందిన సొమ్ము మాత్రమే. కిటికీల వెడల్పు నుంచి గోడ మీది అక్షరాల భాష దాకా ఆ కట్టడంలో చాలా విషయాలు ఈ బాకీని దృష్టిలో పెట్టుకుంటేనే అర్థమవుతాయి. ఆ బాకీని చట్టం రద్దు చేసిన రోజున డబ్బు ఉండి కూడా కట్టడం ఆగిపోయింది.

ముందు పారిష్ అంటే ఏమిటో చూడాలి. మన కతోలికులు ‘విచారణ’ అనేది దీన్నే. ఒక గురువు, ఒక చర్చి, దాని కింద నిర్ణీతమైన హద్దుల్లో నివసించే జనం. 12వ శతాబ్దానికే ఇంగ్లండు చాలావరకు ఇలా పారిష్‌లుగా పంపకమైపోయింది. 1215లో రోములో జరిగిన నాలుగో లాటరన్ మహాసభ, ప్రతి క్రైస్తవుడూ ఏడాదికొకసారైనా తన పారిష్ గురువు దగ్గరే పాపసంకీర్తనం చేయాలని శాసించడంతో మనిషికీ ఊరి చర్చికీ ముడి మరింత బిగిసింది. 13వ శతాబ్దంలో బిషప్పులు జారీచేసిన నిబంధనల్లో ఇంకో ముఖ్యమైన ఏర్పాటు స్థిరపడింది. తూర్పున బలిపీఠం ఉండే భాగాన్ని, అంటే చాన్సెల్‌ను, మరమ్మతు చేయించే భారం పంటలో పదోవంతు పుచ్చుకునే రెక్టరుది. జనం నిలబడే మధ్యశాల, అంటే నేవ్, దాని పైకప్పు, గంటగోపురం, గంటలు, పూజాపుస్తకాలు, వస్త్రాలు, ఇవన్నీ ఊరివాళ్ల బాధ్యత. ఈ పంపకం రాతిలో కనబడుతుంది. సోమర్సెట్ ప్రాంతంలో ఎన్నో చర్చిల్లో గోపురం, నేవ్ వైభవంగా ఉండి చాన్సెల్ పొట్టిగా, పాతగా, సాదాగా మిగిలిపోవడం గమనించవచ్చు. చాలా చోట్ల రెక్టరు హక్కు ఏదో దూరపు మఠం చేతిలో ఉండేది. పదోవంతు పంట పుచ్చుకున్నంత ఉత్సాహంగా అవి రాళ్ల మీద ఖర్చుపెట్టలేదు. ఊరివాళ్లు మాత్రం తమ వాటాను తరతరానికీ పెంచి కట్టారు. ఈ పాత నిబంధన ఎంత మొండిదంటే, వారిక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లో చర్చి చాన్సెల్ మరమ్మతు ఖర్చు, ఒకప్పటి చర్చి భూమిని అనుభవిస్తున్న రైతు కుటుంబమే భరించాలని 2003లో ప్రభువుల సభ తీర్పు చెప్పింది.

మరమ్మతు చేయించాలన్న బాధ్యత వేరు, అద్భుతంగా కట్టాలన్న కోరిక వేరు. రెండోది ఎక్కడి నుంచి వచ్చిందంటే మరణానంతరం గురించిన నమ్మకం నుంచి. కతోలిక బోధ ప్రకారం సామాన్య విశ్వాసి చనిపోగానే నేరుగా మోక్షానికి పోడు, నరకానికీ పోడు. పాపాలకు క్షమాపణ దొరికినా వాటి ప్రాయశ్చిత్తం మిగిలి ఉంటుంది కనుక ఉత్తరించు స్థలంలో శుద్ధి పొందాలి. 1274లో లియోన్ మహాసభ ఈ బోధను స్పష్టంగా ప్రకటించింది. అక్కడున్న ఆత్మ తనకు తానుగా ఏమీ చేసుకోలేదు. బతికున్నవాళ్ల ప్రార్థనలు, పూజలు, దానధర్మాలే దానికి ఊరట. కాబట్టి చనిపోయినవాడికి అన్నిటికంటే పెద్ద ఆపద మరుపు. పేరు మరిచిపోతే ప్రార్థన ఆగిపోతుంది. ప్రతి పారిష్‌లోనూ మేలు చేసినవాళ్ల పేర్ల జాబితా ఒకటి ఉండేది. దాన్ని ఏడాదికొకసారి గురువు పూర్తిగా బిగ్గరగా చదివేవాడు, ఊరంతా ఆ ఆత్మల కోసం ప్రార్థించేది. కొవ్వొత్తికి నాలుగు పెన్నీలు ఇచ్చినవాడికీ, గోపురానికి వంద పౌండ్లు ఇచ్చినవాడికీ ఆ జాబితాలో చోటుండేది. కిటికీ ఇచ్చినా, గంట ఇచ్చినా, పానపాత్ర ఇచ్చినా, ఇచ్చినవాడు ఆశించింది ఒకటే: ఆ వస్తువు వాడుకలో ఉన్నంతకాలం తన పేరు నలుగురి నోట ఉండాలని.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. ఈ నమ్మకం 13వ శతాబ్దం నాటికే బలంగా ఉంటే, కట్టడాల ఉప్పెన 15వ శతాబ్దంలో ఎందుకు వచ్చింది? రెండు కారణాలు చెప్పుకోవాలి. పూర్వం ధనవంతులు ఆత్మరక్షణకు దానాలిచ్చింది మఠాలకు. 1279లో మొదటి ఎడ్వర్డు తెచ్చిన మార్ట్‌మెయిన్ చట్టం, రాజానుమతి లేకుండా చర్చి సంస్థలకు భూమి ఇవ్వడాన్ని నిషేధించింది. క్రమంగా దానాలు దూరపు మఠం వైపు నుంచి దగ్గరి పారిష్ వైపు మళ్లాయి. తనను ఎరిగిన పొరుగువాళ్ల ప్రార్థన, ఎరగని సన్యాసుల ప్రార్థన కంటే నమ్మదగినదన్న లెక్క కూడా అందులో ఉండే ఉంటుంది. రెండో కారణం 1348–49 నాటి మహమ్మారి. జనాభాలో కనీసం మూడోవంతు పోయింది. మిగిలినవాళ్లకు కూలి పెరిగింది, భూమి చవకైంది, ముడి ఉన్నిని ఎగుమతి చేసిన దేశం బట్ట నేసి అమ్మడం నేర్చింది. మెల్‌ఫర్డ్ ఉన్న స్టూర్ నది లోయలోని ఊళ్లు ఆ వ్యాపారంతోనే పైకొచ్చాయి. ఏ ఇంట చూసినా ప్రార్థించవలసిన మృతులు ఎక్కువ, చేతిలో మునుపటికంటే కాస్త ఎక్కువ డబ్బు. ఈ రెండూ ఒకే తరాలకు కలిసివచ్చాయి.

ఇక ఆ నమ్మకం రాతిలోకి ఎలా దిగిందో మెల్‌ఫర్డ్‌లోనే చూద్దాం. ఆ కాలపు శైలిని పర్పెండిక్యులర్ అంటారు. నిలువు గీతలు ప్రధానమైన శైలి. గోడ తగ్గి కిటికీ పెరుగుతుంది. పక్కశాలల కప్పుల పైన మధ్యశాల గోడ మరో అంతస్తులా లేచి, అక్కడ మరో వరుస కిటికీలు బారులు తీరతాయి. దీన్ని కేవలం వెలుతురు కోసమని సరిపెట్టలేం. వెలుతురే కావాలంటే తెల్లటద్దాలు చాలు. ఆ కిటికీల నిండా రంగుటద్దాలు బిగించారు, వాటిలో పునీతుల బొమ్మల దగ్గరే దాతలు మోకరించి, చేతులు జోడించి, తమ తమ వంశచిహ్నాలున్న వస్త్రాలతో కనిపిస్తారు. మెల్‌ఫర్డ్‌లో మిగిలిన అద్దాల్లో నార్ఫోక్ డచెస్ ఎలిజబెత్ టాల్బట్ రూపం ఇలాంటిదే. కిటికీ ఎన్ని భాగాలుగా ఉంటే అంతమందికి మోకరించే చోటు. రంగుటద్దం ఒక నిలువెత్తు ప్రార్థనాపత్రం అనుకుంటే, గోడలన్నీ కిటికీలుగా ఎందుకు మారాయో అర్థమవుతుంది.

రాతి పని కూడా ఈ కథలో భాగమే. సఫోక్‌లో చెక్కడానికి వీలైన మంచి రాయి దొరకదు. సుద్దనేలలో దొరికే చెకుముకి రాళ్లు మాత్రం కోకొల్లలు. సున్నపురాయి వేరే ప్రాంతాల నుంచి రావాలి, వీలైనంత దూరం పడవల మీద, ఆపైన బండ్ల మీద. అందుకని ఖరీదైన తెల్లరాయిని పలుచగా వాడి, పగలగొట్టి నునుపు తేల్చిన నల్లటి చెకుముకిని మధ్యలో పొదిగే పనితనాన్ని ఇక్కడి మేస్త్రులు సాధించారు. పేదరికంలోంచి పుట్టిన ఈ నేర్పు అక్షరాలు రాయడానికి అద్భుతంగా కుదిరింది. ఆ అక్షరాలు ఎక్కడ పెట్టారో, ఏ భాషలో పెట్టారో ఆలోచించండి. చర్చి భాష లాటిన్. కానీ పేర్లు చెప్పి ప్రార్థన అడిగే వాక్యాలు ఇంగ్లీషులో ఉన్నాయి, అదీ లోపల బలిపీఠం దగ్గర కాదు, దారిన పోయేవాడికి కనిపించేలా బయటి గోడ మీద. గురువుల ప్రార్థన ఎలాగూ దొరుకుతుంది. సంతకు పోతున్న నేతగాడి ప్రార్థన కూడా కావాలి. నాకు మెల్‌ఫర్డ్‌లో అన్నిటికంటే బలమైన సాక్ష్యం ఇదే.

జాన్ క్లాప్టన్ మనిషిగా కూడా ఆసక్తికరమైనవాడు. ఊరికి ఉత్తరాన కెంట్‌వెల్ ఎస్టేటు అతనిది. సింహాసనం కోసం జరిగిన గులాబీల యుద్ధాల్లో లాంకాస్టర్ పక్షాన నిలిచి 1462లో ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్‌తో పాటు రాజద్రోహం కింద పట్టుబడ్డాడు. ఎర్ల్ తల పోయింది, క్లాప్టన్ బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత 35 ఏళ్లు జీవించి 1497లో చనిపోయాడు. అతని సమాధి చాన్సెల్ ఉత్తరపు గోడలో, బలిపీఠానికి పక్కనే ఉంది. శుభ శుక్రవారం నాడు సత్ప్రసాదాన్ని క్రీస్తు దేహంగా భావించి ఉంచి, ఈస్టరు ఉదయాన లేపే చోటుగా ఆ సమాధినే వాడేవారు. అంటే ఊరు క్రీస్తు పునరుత్థానాన్ని జరుపుకొనే ప్రతి ఏడూ క్లాప్టన్ ఎముకల మీదనే జరుపుకొనేది. తన మరణాన్ని ఊరి పండగలోకి ఇంతగా అల్లుకున్న మనిషికి చర్చి కట్టడం పక్క వ్యాపకం కాదు.

ఇదంతా ధనవంతుల ఆడంబరం కదా అని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో బలముంది. మెల్‌ఫర్డ్‌కు నాలుగైదు మైళ్ల దూరంలోని లావెనమ్ చర్చి చూడండి. 1523లో చనిపోయిన జౌళి వర్తకుడు మూడో టామస్ స్ప్రింగ్ అక్కడి గోపురం పూర్తిచేయడానికి 200 పౌండ్లు రాసిపెట్టాడు. 141 అడుగుల ఆ గోపురం అంచున అతని వంశచిహ్నం మళ్లీ మళ్లీ చెక్కి ఉంటుంది. వంశచిహ్నం వేసుకునే అర్హత ఆ కుటుంబానికి కొత్తగా వచ్చింది. ఇక్కడ గొప్ప చాటుకోవడం లేదంటే అది కళ్లు మూసుకోవడమే. అయితే ఆడంబరం, భక్తి ఒకదాన్నొకటి తోసిపుచ్చే విషయాలు కావు. ఆ కాలంలో పేరు కనిపించడమే మోక్షమార్గానికి పనిముట్టు కాబట్టి, పేరు చాటుకోవడంలో ఆత్మభయం ఎంత, అహంకారం ఎంత అని వేరుచేయడం కష్టం. మెల్‌ఫర్డ్ వాక్యం ఈ అనుమానాన్ని ముందే ఊహించింది. మరియమాత మందిరం మీది పేర్ల వరుస ముగిశాక, లాటిన్‌లో ఒక మాట చేర్చారు: ఇది మెప్పు కోసం చేయలేదు, నా ఆత్మను తలుచుకోవడం కోసమే చేశాను, క్రీస్తే సాక్షి అని. జాన్ క్లాప్టన్ నిజమే చెప్పాడని నిరూపించలేం. కానీ మెప్పు కోరుకున్నట్టు కనబడటం అతనికి ఇబ్బందిగా తోచిందనీ, ఊరివాళ్లు ఆ తేడాను పట్టించుకునేవారనీ మాత్రం ఆ వాక్యం నిరూపిస్తోంది.

పైగా ధనవంతులే లేని చోట కూడా ఇదే జరిగింది. డెవన్‌లో ఎక్స్‌మూర్ బీడుకొండల దక్షిణపు అంచున మోర్‌బాత్ అనే పల్లె ఉంది. 16వ శతాబ్దంలో అక్కడ ఉన్నవి 33 కుటుంబాలు. సర్ క్రిస్టఫర్ ట్రికీ 1520 నుంచి 1574 దాకా అక్కడ గురువుగా ఉండి, చర్చి జమాఖర్చులను విడవకుండా రాసిపెట్టాడు. చరిత్రకారుడు ఈమన్ డఫీ 2001లో ఆ లెక్కల ఆధారంగా ఒక పుస్తకమే రాశాడు. అక్కడ వర్తకుడు లేడు, ఎస్టేటు యజమాని డబ్బు లేదు. ఒక్కో పునీతుని పేర, మరియమాత పేర చిన్న చిన్న నిధులు, వాటికి గొర్రెలు ఉండేవి. ఆ గొర్రెలను ఊళ్లో ఇంటికి ఒకటో రెండో చొప్పున పెంచేవారు, వాటి ఉన్ని అమ్మిన డబ్బుతో బొమ్మల ముందు దీపాలు వెలిగేవి. పెళ్లికాని కుర్రవాళ్లకొక నిధి, కన్నెపిల్లలకొక నిధి. లెక్కలు ఏటా ఊరందరి ముందూ చదివి వినిపించేవారు. మృతుల పూజకు నల్లటి వస్త్రాలు కొనాలని ట్రికీ తన చిన్న ఆదాయం నుంచి దాదాపు 20 ఏళ్లు పక్కన పెట్టిస్తూ వచ్చాడు. ఎట్టకేలకు అవి 1547లో చేతికొచ్చాయి. అదే ఏడాది చివర మృతుల కోసం పూజలు చేయించే సంస్థలన్నిటినీ రద్దు చేస్తూ చట్టం వచ్చింది. 33 ఇళ్ల పల్లె 20 ఏళ్లు కూడబెట్టింది ఎవరి ఆడంబరం కోసమో చెప్పడం కష్టం.

మరో అభ్యంతరం: జనం ఇష్టపడి ఇచ్చారా, ఇవ్వక తప్పక ఇచ్చారా? నేవ్ మరమ్మతు బాధ్యత చట్టబద్ధమైనదే. బిషప్పు తరఫున ఆర్చ్‌డీకన్ తనిఖీకి వచ్చి కప్పు కారుతోందంటే బాగుచేయక తప్పదు, చర్చి కోర్టులున్నాయి, జరిమానాలున్నాయి. ఇదంతా ఒప్పుకోవలసిందే. కానీ చట్టం కోరేది కారని కప్పు. లింకన్‌షైర్‌లోని లౌత్ పట్టణంలో సెయింట్ జేమ్స్ చర్చి మీద 1501లో మొదలుపెట్టి 1515లో ముగించిన రాతి శిఖరాన్ని ఏ ఆర్చ్‌డీకనూ కోరలేదు. నేల నుంచి దాదాపు 290 అడుగుల ఎత్తుకు లేచే ఆ శిఖరానికి 305 పౌండ్ల 7 షిల్లింగుల 5 పెన్నీలు ఖర్చయిందని చర్చి పుస్తకం చెబుతోంది. భక్తసంఘాలు, వర్తకులు, సామాన్యులు 14 ఏళ్లపాటు పోగుచేసి ఇచ్చిన డబ్బది. చివర శిఖరాగ్రాన నిలిపిన గాలికోడిని, ఫ్లాడెన్ యుద్ధంలో స్కాట్లండు రాజు పోగొట్టుకున్న రాగి పళ్లెంతో చేశారని చెప్పుకున్నారు. దాన్ని ఎత్తిన రోజున గంటలన్నీ మోగించి, జనానికి రొట్టె, ఏల్ పంచారు. 21 ఏళ్ల తర్వాత, 1536 అక్టోబరు 1, ఆదివారం నాడు, చర్చి వెండిసామాను కోసం రాజోద్యోగులు వస్తున్నారన్న వదంతి పుట్టగానే, ఆ చర్చిలోనే గుమికూడిన సామాన్యులు పెద్దమనుషుల చేతుల్లోంచి తాళాలు లాక్కుని రాత్రంతా కాపలా కాశారు. నికొలస్ మెల్టన్ అనే చెప్పులు కుట్టేవాడు ముందు నిలిచాడు. లింకన్‌షైర్ తిరుగుబాటు అక్కడే మొదలైంది. అణిగాక, ఆ ఆదివారం ప్రసంగించిన గురువు టామస్ కెండల్‌ను ఉరితీశారు. బలవంతాన వసూలు చేసిన సొమ్ముతో నిలిచిన చర్చి కోసం చెప్పులు కుట్టేవాడు ప్రాణం ఒడ్డడు.

ఇంగ్లండంతా ఒక్క మనసుతో ఉందని మాత్రం నేను అనడం లేదు. మెల్‌ఫర్డ్‌కు దూరం కాని డెడమ్, ఈస్ట్ బెర్గోల్ట్ ఊళ్ల నుంచి నలుగురు 1532లో రాత్రివేళ డోవర్‌కోర్టుకు నడిచివెళ్లి, మహిమ గలదని పేరున్న సిలువబొమ్మను తగలబెట్టారు. వాళ్లలో ముగ్గురిని ఉరితీశారు. ప్రతిమలను, మృతుల పూజలను నిరాకరించిన లొల్లార్డుల సంప్రదాయం ఈ ప్రాంతంలో 100 ఏళ్లకు పైగా నిప్పు రగుల్చుతూనే ఉంది. చరిత్రకారుడు ఎ.జి. డికెన్స్ 1964లో వెలువరించిన ప్రసిద్ధ గ్రంథంలో ఈ ధారకు ప్రాముఖ్యమిచ్చి, మతసంస్కరణ కింది నుంచి కూడా వచ్చిందని వాదించాడు. డోవర్‌కోర్టు మనుషుల ధైర్యాన్ని తక్కువ చేయడానికి నాకు మనసొప్పదు. అయినా సంఖ్యాబలం ఎటుందంటే వీలునామాలు, చర్చి లెక్కలు, కట్టడాలు మూడూ ఒకే దిక్కు చూపిస్తాయి. పాత నమ్మకం ఎండిపోయి ఉంటే 1520లలో లావెనమ్ గోపురం లేచేది కాదు, మోర్‌బాత్ గొర్రెలు 1540ల దాకా మేసేవి కావు.

అసలు పరీక్ష 1547. ఎనిమిదో హెన్రీ మఠాలను మూసేసినా పారిష్ చర్చిలను పెద్దగా కదిలించలేదు. అతని కొడుకు ఆరో ఎడ్వర్డు ప్రభుత్వం ఉత్తరించు స్థలం అనే బోధనే కొట్టేసింది. మృతుల పూజకిచ్చిన మాన్యాలు రాజుకు చేరాయి, ప్రతిమలు తీసేశారు, గోడల మీది బొమ్మలకు సున్నం కొట్టారు. మేరీ రాణి అయిదేళ్ల పాలనలో కొంత తిరిగివచ్చినా ఎలిజబెత్ కాలంలో మళ్లీ పోయింది. ఆ తర్వాత దాదాపు ఒక శతాబ్దం పాటు ఇంగ్లండులో కొత్త పారిష్ చర్చి లేవడం అరుదు. దీనికి ఆర్థిక కారణాలు చెప్పేవాళ్లున్నారు: నాణెం విలువ తగ్గింది, 1550ల మొదట్లో ఆంట్‌వర్ప్‌లో బట్టల వ్యాపారం దెబ్బతింది. నిజమే. కానీ మెల్‌ఫర్డ్‌లోనే డబ్బు ఎటుపోయిందో కళ్లకు కడుతోంది. బరీ సెయింట్ ఎడ్మండ్స్ మఠానికి చెందిన ఆస్తిని పొందిన న్యాయవాది సర్ విలియమ్ కార్డెల్, చర్చికి కూతవేటు దూరంలో ఎర్రటి ఇటుకతో మెల్‌ఫర్డ్ హాల్ నిలబెట్టి, 1578లో ఎలిజబెత్ రాణికే ఆతిథ్యమిచ్చాడు. క్లాప్టన్ వంశం వాళ్లూ కెంట్‌వెల్‌లో అంతటి ఇటుక భవంతి కట్టుకున్నారు. అదే ఊరు, అదే వంశం, డబ్బుకు లోటు లేదు. పోయింది బాకీ అన్న భావన ఒక్కటే. కార్డెల్‌కు న్యాయం చేయాలంటే ఒక మాట చేర్చాలి. 1573లో అతను చర్చి ముందున్న పచ్చిక మీద వృద్ధుల కోసం ట్రినిటీ హాస్పిటల్ అనే ఆశ్రమం కట్టించాడు. దానం ఆగలేదు, మృతుల నుంచి బతికున్న పేదల వైపు తిరిగింది. 1581లో చనిపోయిన అతని సమాధి క్లాప్టన్ సమాధి ఉన్న చాన్సెల్‌లోనే ఉంది. దాని చుట్టూ స్తంభాలు, వాటితో పాటు వివేకం, న్యాయం, నిగ్రహం, ధైర్యం అనే నాలుగు గుణాల విగ్రహాలు. అవి అతని గొప్పను ప్రకటిస్తాయి. చూసేవాళ్లను ప్రార్థన అడగవు.

ఈ మార్పు ఏం నష్టం చేసిందో చెప్పిన సాక్షి కూడా ఆ ఊరివాడే. రోజర్ మార్టిన్ చివరిదాకా కతోలికుడిగానే ఉండి 1615లో చనిపోయాడు. చిన్నతనంలో చూసిన చర్చి ఎలా ఉండేదో వృద్ధాప్యంలో రాసిపెట్టాడు. బలిపీఠం వెనుక చెక్కిన క్రీస్తు శ్రమల దృశ్యం, నేవ్‌కూ చాన్సెల్‌కూ మధ్య ఎత్తుగా నిలిచిన సిలువ మంచె, మట్టల ఆదివారం ఊరేగింపు, వేసవి పండగ రాత్రుల భోగిమంటలు, అన్నీ వరుసగా రాశాడు. చర్చిలోంచి పీకేసిన చెక్కడాల్లో ఒకటి తన ఇంట్లో శిథిలంగా ఉందనీ, వారసులు ఎప్పటికైనా బాగుచేయించి తిరిగి నిలుపుతారని ఆశ అనీ అందులో ఉంది. అది జరగలేదు. క్లాప్టన్ మరియమాత మందిరం ఊరిపిల్లల బడి అయింది. అక్కడి గోడ మీద రాసిన ఎక్కాల పట్టిక ఇప్పటికీ ఉంది. 1710 ప్రాంతంలో పిడుగుపడి పాత గంటగోపురం పోతే ఇటుకతో కట్టుకున్నారు. నేడు కనిపించే రాతి గోపురం, ఆ ఇటుక చుట్టూ వాస్తుశిల్పి జి.ఎఫ్. బాడ్లీ 1898–1903 మధ్య తొడిగించినది. చాలా చర్చిల్లో ‘ఫలానా ఆత్మ కోసం ప్రార్థించండి’ అన్న ఇత్తడి ఫలకాలను గీకేశారు, 1643–44లో ప్రతిమావిరోధి విలియమ్ డౌసింగ్ సఫోక్ అంతటా తిరిగి అద్దాలు పగలగొట్టించి ఏ ఊళ్లో ఎన్ని పోయాయో దినచర్యలో రాసుకున్నాడు. మెల్‌ఫర్డ్ అక్షరాలు గోడలో అంతర్భాగమై, అంత ఎత్తున ఉండటం వాటిని కాపాడి ఉంటుందని నా అభిప్రాయం.

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు పాఠకులకు ఒక మనవి. మీ ఊరి పాత చర్చి పగటిపూట తెరిచే ఉండవచ్చు, ఒకసారి లోపలికి వెళ్లండి. నేవ్‌కూ చాన్సెల్‌కూ మధ్య రాతి పనితనం ఎక్కడ మారిందో చూడండి. అక్కడి గోడలో, పైకి వెళ్లి గాలిలో ఆగిపోయే ఇరుకు మెట్లు కనిపిస్తే, అవి 16వ శతాబ్దంలో పడగొట్టిన సిలువ మంచెకు ఎక్కే మెట్లు. నేల మీది ఇత్తడి ఫలకాల్లో మొదటి పదాలు మాత్రమే అరిగిపోయి ఉంటే అది కాళ్ల రాపిడి కాకపోవచ్చు. ఒక్క నార్ఫోక్‌లోనే 600కు పైగా మధ్యయుగపు చర్చిలున్నాయి. చాలావాటిని కొద్దిమంది వృద్ధులు నిలబెట్టుకొస్తున్నారు, పైకప్పు సీసం మరమ్మతుకు చందాలు పోగుచేస్తున్నారు. ద్వారం దగ్గర చందా పెట్టె ఉంటుంది, చేతనైనంత వేయండి. లౌత్ తాళాల గుత్తి తర్వాత ఏం జరిగిందో, ఉత్తరాది నుంచి లేచిన ‘కృపాయాత్ర’ తిరుగుబాటు కథ, వచ్చే సంచికలో.